ఫీజు ఒక్కసారే కట్టాలి

మేనకోడలికి,

నువ్వు వాట్సాప్‌లో అడిగినవన్నీ ఫోన్లో చెబితే సగం గాలికి పోతాయి. అందుకే కాగితం మీద పెడుతున్నా, దాచుకో.

అమ్మ మెడలో గొలుసు కుదువపెట్టి నిన్ను అమీర్‌పేటలో జీఆర్‌ఈ కోచింగ్‌కు పంపుతానంటోందని రాశావు. గొలుసు జోలికి ఇప్పుడే పోవద్దని చెప్పు. పై చదువు వద్దని కాదు బిడ్డా. ఏ దేశానికి, ఏ కోర్సుకు, ఏ పరీక్ష రాసి పోవాలో ఇంకా తేలనేలేదు. అవి తేలకుండా కట్టే మొదటి రూపాయే దండగ.

మైత్రీవనం వెనక సందులో జిరాక్స్ షాపు నడిపేవాడికి పెద్ద చదువుల సంగతి ఏం తెలుసంటావేమో. మార్కుల మెమోలు, పాస్‌పోర్టు కాపీలు, స్పైరల్ బైండింగ్‌లు పట్టుకుని పొద్దంతా నా ముందు నిలబడేది నీ ఈడు పిల్లలే. నేను చూసినంతలో, పైసలకు ఇబ్బందిపడే పిల్లలు దెబ్బతినేది మొదటిసారి కట్టే ఫీజు దగ్గర కాదు, రెండోసారి కట్టే ఫీజు దగ్గర. పేరు తప్పుపడి, తేదీ మారి, చదువు సరిపోక మళ్లీ రాసి, యూనివర్సిటీల జాబితా మార్చి, కట్టిందే మళ్లీ కడతారు. మనం పరీక్ష ఫీజు ఎలాగోలా సర్దగలం. అదే ఫీజు మళ్లీ కట్టాల్సి వస్తే మాత్రం మన వల్ల కాదు. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది చదువు.

ముందు లెక్క చూడు. జీఆర్‌ఈకి మన దేశంలో దాదాపు 22 వేలు. ఇంగ్లీషు పరీక్షలైన ఐఈఎల్‌టీఎస్‌కో టోఫెల్‌కో ఇంకో 17, 18 వేలు. అంటే ఒక్క అప్లికేషన్ కూడా పెట్టకముందే 40 వేలు. అమెరికాలో ఒక్కో యూనివర్సిటీకి అప్లికేషన్ ఫీజు 50 నుంచి 100 డాలర్ల దాకా వేరే. ఇప్పుడు మన దేశంలో ఎంటెక్‌కు రాసే గేట్ సంగతి చూడు. 2026 గేట్‌కు మామూలు ఫీజు 2,000. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ, వికలాంగులకు 1,000. గడువు దాటితే మాత్రం మరో 500. ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో దరఖాస్తులు, ఫిబ్రవరిలో పరీక్ష. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. దాంతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌కైనా, వరంగల్ ఎన్‌ఐటీకైనా దారి అదే. అది కుదరకపోతే జేఎన్‌టీయూ, ఉస్మానియాల్లో ఎంటెక్‌కు పీజీఈసెట్ ఉంది.

ఫారిన్ పోవాలన్నా గేట్ వృథా కాదు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో ఇన్ఫర్మాటిక్స్ మాస్టర్స్‌కు మన దేశం పిల్లలను జీఆర్‌ఈ గానీ గేట్ గానీ అడుగుతారు. ముందే చెబుతున్నా, 2024 నుంచి అక్కడ బయటి దేశాల వాళ్లు ట్యూషన్ ఫీజు కట్టాలి. కాబట్టి జర్మనీలో చదువంతా ఉచితమని ఎవరన్నా చెబితే నమ్మకు.

అమెరికానే కావాలనుకుంటే ఇంకో మాట. కరోనా తర్వాత అక్కడి చాలా డిపార్ట్‌మెంట్లు జీఆర్‌ఈ అడగడం మానేశాయి. ఎంఐటీ ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంటే అడగదు. యూనివర్సిటీ మొత్తానికి ఒకే నియమం ఉండదు కనక డిపార్ట్‌మెంట్ పేజీ తెరిచి చూడు. తప్పనిసరా, ఇష్టమైతే ఇవ్వొచ్చా, అసలు చూడరా అన్నది ఒక్కో కోర్సు పక్కన రాసుకో.

అయితే మనలాంటి వాళ్లకు ఇక్కడో మెలిక ఉంది. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే ఓవర్సీస్ విద్యానిధి కింద, ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు 20 లక్షల దాకా సాయం అందుతుంది. ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ పేరుతో, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫులే పేరుతో ఉంది. ఆ దరఖాస్తులో జీఆర్‌ఈ లేదా జీమ్యాట్ స్కోరు, దాంతోపాటు ఇంగ్లీషు పరీక్ష స్కోరు అడుగుతారు. అంటే యూనివర్సిటీకి అక్కర్లేని పరీక్ష ఈ పథకం కోసం నీకు అవసరం కావొచ్చు. తాజా నోటిఫికేషన్ పూర్తిగా చదివాకే జీఆర్‌ఈ మానాలో రాయాలో తేల్చుకో. ఆ డబ్బు అక్కడికి పోయి చేరాక వచ్చేది కనక, దాన్ని నమ్ముకుని పరీక్షకు అప్పు చేయొద్దు.

ఇక కోచింగ్. అమీర్‌పేటలో దిగితే చాలు, స్తంభానికో పోస్టరు, మెట్ల దగ్గర పాంప్లెట్లు పంచేవాళ్లు. నీలగిరి బ్లాక్ నుంచి పంజాగుట్ట సర్కిల్ దాకా బోర్డులే బోర్డులు. డెమో క్లాసులు ఉచితమే, హాయిగా కూర్చో. క్లాసయ్యాక ‘ఇవాళే కడితే డిస్కౌంటు’ అంటారు. రేపు వస్తానని చెప్పి లేచి రా. కొన్ని కన్సల్టెన్సీలు కోచింగే ఉచితమంటాయి. చాలావాటికి తాము పిల్లలను పంపే యూనివర్సిటీల నుంచి కమీషన్ ముడుతుంది. వాళ్ల పాఠం విను, కాలేజీల జాబితా మాత్రం నువ్వే రాసుకో. సలహా కావాలంటే అమెరికా ప్రభుత్వం తరఫున నడిచే ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ వాళ్లు పైసా తీసుకోకుండా చెబుతారు.

జీఆర్‌ఈ పెట్టే ఈటీఎస్ సంస్థే పవర్‌ప్రెప్ పేరుతో రెండు పూర్తి మాదిరి పరీక్షలు ఉచితంగా ఇస్తుంది. మొదటిది ఇప్పుడే రాసెయ్, ఎక్కడ నిలబడ్డావో తెలుస్తుంది. రెండోది అసలు పరీక్షకు ముందు వారం కోసం దాచుకో. ఇంజినీరింగ్ చదివిన నీకు లెక్కలు పెద్ద బరువు కావు, ఇబ్బందంతా ఇంగ్లీషు భాగమైన వెర్బల్‌తోనే. ఎవరికైనా డబ్బు కట్టాల్సి వస్తే వెర్బల్‌కు, వ్యాసాలు దిద్దించుకోవడానికి మాత్రమే కట్టు.

పుస్తకాలు కోఠిలో సెకండ్ హ్యాండ్‌వి తీసుకో. ఐదారు వందల పేజీల పుస్తకాన్ని జిరాక్స్ తీయించి స్పైరల్ వేయించే ఖర్చుకు పాత పుస్తకమే వస్తుంది. నా గిరాకీ పోయినా ఇది నిజం. ఒక్కటి చూసుకో. 2023 సెప్టెంబరులో జీఆర్‌ఈని 1 గంట 58 నిమిషాలకు కుదించారు, రెండు వ్యాసాల్లో ఒకటి తీసేశారు. అంతకుముందు పుస్తకాల్లో ప్రశ్నలు పనికొస్తాయి, టైం లెక్కలు పనికిరావు. గేట్‌కైతే పుస్తకాల కన్నా ముందు ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా చూడు.

పాస్‌పోర్టు లేదంటున్నావు కనక ముందు ఆ పని చెయ్. మామూలు 36 పేజీల బుక్కుకు 1,500. ఆన్‌లైన్లో స్లాట్ నువ్వే తీసుకోవచ్చు, మధ్యలో ఏజెంటు అక్కర్లేదు. అమీర్‌పేట పాస్‌పోర్టు కేంద్రం 2025లో ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లోకి మారింది, బస్సు దిగి నడిచిపోవచ్చు. నీ టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది. పాస్‌పోర్టులో పూర్తిగా వస్తుంది. పరీక్షకు రిజిస్టర్ చేసేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా కొట్టు. తేడా ఉంటే లోపలికి రానివ్వరు, కట్టిన ఫీజూ తిరిగి రాదు.

జీఆర్‌ఈ తేదీ ఖాయం చేసే ముందు మాదిరి పరీక్షల్లో నీకు కావాల్సిన మార్కులు వస్తున్నాయో లేదో చూడు. తేదీ మార్చాలంటే దాదాపు 5 వేలు, అదీ నాలుగు రోజుల ముందే చేయాలి. పరీక్ష రోజున నాలుగు యూనివర్సిటీలకు స్కోరు ఉచితంగా పంపుతారు. ఆ నాలుగు పేర్లు ముందే అనుకుని పో. తర్వాత పంపితే ఒక్కోదానికి దాదాపు 3 వేలు. జీఆర్‌ఈ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది, ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లకు రెండేళ్లే. అందుకని ఇంగ్లీషు పరీక్ష తొందరపడి రాయొద్దు. ఇంటి దగ్గర రాసే జీఆర్‌ఈకీ ఫీజు అంతే. గదిలోకి ఎవరూ రాకూడదు, నెట్ తెగకూడదు. మీ ఇంట్లో అది నడవదు, సెంటర్‌కే పో.

చదువుకోవడానికి అమీర్‌పేట వచ్చి ఉండాల్సిన పనిలేదు. ఎస్సార్ నగర్ హాస్టల్లో మూడు నెలలుంటే ఇంకో జీఆర్‌ఈ ఫీజంత ఖర్చవుతుంది. మీ సూర్యాపేటలోనే ఉండి చదువు. సిటీలో పనిపడ్డ రోజున పొద్దున్నే ఎక్స్‌ప్రెస్ ఎక్కు, మహాలక్ష్మి పథకంలో నీకు టికెట్ డబ్బు అక్కర్లేదు, ఆధార్ మర్చిపోకు. ఖాళీ దొరికితే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చో. మధ్యాహ్నం జీహెచ్‌ఎంసీ వాళ్ల 5 రూపాయల భోజనం బాగానే ఉంటుంది, అందులో నామోషీ లేదు. పరీక్ష ముందు రాత్రి మాత్రం పొదుపు మాట ఎత్తకు. మా ఇంటికి వచ్చెయ్, అత్తమ్మ వండిపెడుతుంది. పొద్దున ఆటోలో నేనే దింపుతాను.

ఇప్పుడు నీ పని ఒకటే. ఒక కాగితం మీద ఎనిమిది కోర్సులు రాయి. ఒక్కోదాని పక్కన ఏ పరీక్ష అడుగుతారో, ఆఖరు తేదీ ఎప్పుడో, అప్లికేషన్ ఫీజు ఎంతో రాసి నాకు పంపు. ఎనిమిదింటిలో సగం మన దేశంలోవి ఉండాలి. అది చూసి ఇద్దరం కూర్చుని పరీక్ష తేలుద్దాం. ఆ పరీక్ష ఫీజు నేను కడతాను. రెండోసారి కట్టమంటే మాత్రం కట్టను, ఇప్పుడే చెబుతున్నా.

ఇట్లు,
మీ మామ