మళ్ళీ వచ్చిన మచ్చ

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి,



నిన్న ఫోన్‌లో క్రూయిజ్ షిప్‌లో ఉద్యోగం, హౌస్‌కీపింగ్ డిపార్ట్‌మెంట్ అన్నావు. ఏం పనిరా అని అడిగితే కాసేపు ఆగి, గొంతు తగ్గించి, "క్లీనర్" అన్నావు. పక్కన మీ నాన్న ఉన్నాడని అర్థమైంది. డిగ్రీ చదివించింది ఊడవడానికా అని బావ అన్న మాట అక్క తర్వాత చెప్పింది. తండ్రిగా ఆయన బాధ ఆయనది. నేను మాత్రం ఇరవై రెండేళ్ళు ఆ పని మీదే బతికాను. పబ్లిక్ ఏరియా క్లీనర్‌గా ఎక్కి, క్యాబిన్ స్టీవార్డ్‌నై, చివరికి సూపర్‌వైజర్‌గా దిగాను. ఆ పనేమిటో ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఓడ అంటే ఎంతో ఊహించుకో. 2024 జనవరిలో ప్రయాణికులతో తొలిసారి బయల్దేరిన ఐకాన్ ఆఫ్ ది సీస్‌లో 2,805 క్యాబిన్లు ఉన్నాయి. నిండితే ప్రయాణికులే 7,600 మంది, సిబ్బంది మరో 2,350. ఒక పెద్ద ఊరు ఊరంతా వారం రోజులు ఒకే పైకప్పు కింద తిని, పడుకుని, అవే లిఫ్ట్ బటన్లు నొక్కుతూ, అవే మెట్ల కడ్డీలు పట్టుకుని తిరుగుతుందన్నమాట. అక్కడ ఒకరికి వాంతులు పట్టుకుంటే అది ఆ ఒక్కరితో ఆగదు. నోరోవైరస్ అని ఒకటుంది. వంద కణాల లోపు కడుపులోకి వెళ్ళినా చాలు, 12 నుంచి 48 గంటల్లో మనిషిని మంచాన పడేస్తుంది. చేతికి రాసుకునే ఆల్కహాల్ శానిటైజర్‌కి అది సరిగ్గా లొంగదు. చేతులు సబ్బుతో కడగాలి, వస్తువుల మీద క్లోరిన్ లాంటి గట్టి మందు వాడాలి.

అమెరికా రేవులకు వెళ్ళే ఓడల్ని అక్కడి ఆరోగ్యశాఖకు చెందిన సీడీసీ 1975 నుంచి తనిఖీ చేస్తోంది. (నువ్వు తీయించుకోవాల్సిన సీడీసీ అనే నావికుల పుస్తకం వేరు. పేరు ఒకటేనని తికమక పడకు.) తనిఖీకి వచ్చేవాళ్ళు చెప్పి రారు. 100కి మార్కులు వేస్తారు. 85 గాని అంతకన్నా తక్కువ గాని వస్తే ఓడ తప్పినట్టే. ఆ మార్కులు లోకమంతా చూసేలా పెడతారు. కెప్టెన్ భుజం మీద ఎన్ని బంగారు గీతలున్నా ఆ రోజు ఆయన పరువు గుడ్డ పట్టుకున్న కుర్రాడి చేతిలో ఉంటుంది.

ఇక అసలు పని. మెట్ల కడ్డీనే తీసుకో. కొత్తగా వచ్చినవాడు మందు కొట్టి, వెంటనే పొడిగుడ్డతో తళతళలాడేలా తుడిచేస్తాడు. చూడ్డానికి బాగుంటుంది. సూక్ష్మజీవులు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. ముందు సబ్బునీళ్ళతో జిడ్డు పోగొట్టాలి, ఎందుకంటే జిడ్డు కింద దాక్కున్నదాన్ని ఏ మందూ చేరలేదు. తర్వాత మందు పెట్టి, డబ్బా మీద ఎన్ని నిమిషాలని రాసి ఉంటే అన్ని నిమిషాలు అది తడిగా ఉండేలా చూడాలి. ఐదు అని ఉంటే ఐదే. మధ్యలో ఆరిపోతే మళ్ళీ తడపాలి. కడ్డీ పైభాగం అందరూ తుడుస్తారు, వేళ్ళు చుట్టుకునేది అడుగుభాగానికి. అక్కడ నీ చెయ్యి వెళ్ళాలి. గుడ్డను నాలుగు మడతలు పెట్టి, ఒక ముఖం మురికైతే ఇంకో ముఖం తిప్పు. అన్ని ముఖాలూ అయిపోతే ఆ గుడ్డ లాండ్రీకి పోవాలి. టాయిలెట్ గుడ్డ రంగు వేరు, వాష్‌బేసిన్ గుడ్డ రంగు వేరు. ఏ రంగు దేనికన్నది ఓడను బట్టి మారుతుంది, ఎక్కిన రోజే అడిగి తెలుసుకో. ఎప్పుడూ పైనుంచి కిందికి, శుభ్రంగా ఉన్న చోటి నుంచి మురికి చోటికి వెళ్ళాలి.

ఇంకొకటి, ప్రాణం మీదికి వచ్చేది. క్లోరిన్ మందునూ, టాయిలెట్ గార వదిలించే యాసిడ్‌నూ ఎప్పుడూ కలపకు. ఒకటి వాడిన చోట నీళ్ళు పోసి బాగా కడగకుండా రెండోది పోసినా విషవాయువు పుడుతుంది. క్యాబిన్ బాత్రూం ఎంత ఉంటుందనుకున్నావ్? మన వీధి అరుగంత.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. అప్పుడు నాది రెండో కాంట్రాక్టు. ఒక క్యాబిన్ బాత్రూంలో సీలింగ్ పలక అంచున రూపాయి బిళ్ళంత పసుపు మచ్చ కనిపించింది. తుడిచాను, పోయింది. మర్నాడు మళ్ళీ అక్కడే ఉంది. మళ్ళీ తుడిచాను. నా లిస్టులో ఇంకా పదమూడు క్యాబిన్లు మిగిలి ఉన్నాయి, ఎవరికైనా చెబితే ఆలస్యమవుతుందనుకున్నాను. మూడో రాత్రి పలక వెనక పైపు జాయింటు ఊడింది. ఆ క్యాబిన్‌తో పాటు అటూ ఇటూ ఉన్న రెండూ, కింది డెక్‌లో ఒకటీ తడిసిపోయాయి. ఒక ముసలాయన, ఆయన భార్య రాత్రి దుస్తుల్లో, చేతుల్లో తడిసిన చెప్పులతో కారిడార్‌లో నిలబడ్డారు. సూపర్‌వైజర్ అడిగితే దాచకుండా చెప్పాను, మచ్చ ముందే కనబడింది, నేనే తుడిచేశానని. ఆ ముసలాయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

అప్పటినుంచి జేబులో చిన్న పుస్తకం పెట్టుకున్నాను. క్యాబిన్ నంబరు, కనబడింది ఏమిటి, ఎవరికి చెప్పాను, ఎన్ని గంటలకు. అల్లుడూ, ఆ ఓడలో ప్రతి క్యాబిన్‌నూ రోజూ లోపలికెళ్ళి చూసేది ఇంజినీరు కాదు, ఆఫీసరు కాదు, నువ్వు. తలుపు గొళ్ళెం పట్టేస్తున్నా, పొగ డిటెక్టర్ మీద ఎవరో ప్లాస్టిక్ కవరు తొడిగినా, ప్లగ్ దగ్గర కాలిన వాసన వచ్చినా ముందు నీకే తెలుస్తుంది. నాలుగు రోజులుగా గెస్టు లేని క్యాబిన్‌లో షవర్ నీళ్ళు ఎందుకు వదలమంటారో తెలుసా? నిలవ నీటిలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, ఆ తుంపర పీలిస్తే న్యుమోనియా వస్తుంది. అందుకే షవర్ తల మీద గార పట్టడం కూడా రాసుకోవాల్సిన విషయమే. నిన్ను లాండ్రీ పనిలో వేస్తే డ్రయర్ జాలీలో పేరుకున్న దూది నూగును ఎప్పటికప్పుడు తీసెయ్. నిప్పు అంటుకోవడానికి అంతకన్నా మంచిది దొరకదు.

డెక్ మీద పని నేను చేయలేదు గాని పక్కనుండి చూశాను. ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. మన సముద్రపు ఒడ్డు ఇళ్ళ కిటికీ ఊచలు చూశావుగా, అదే. తెల్లారకముందే మంచినీళ్ళతో డెక్ కడుగుతారు. తుప్పు కనబడితే మెరిసే లోహం తేలేదాకా గీకి, ఉప్పు పోయేలా కడిగి, ఆరబెట్టి, ప్రైమర్ వేసి, ఆ తర్వాతే రంగు. తుప్పు మీదే రంగు పూసేస్తే కొన్నాళ్ళకే బుడగలై లేస్తుంది. నీకు డెక్ పని మీద మోజు ఉంటే తర్వాత మాట్లాడదాం.

ఎక్కేముందు ఎస్‌టీసీడబ్ల్యూ ప్రాథమిక శిక్షణ తప్పనిసరి. నీటిలో ప్రాణం నిలుపుకోవడం, మంటలార్పడం, ప్రథమ చికిత్స నేర్పుతారు. అక్కడ సర్టిఫికెట్ కోసం మాత్రం కూర్చోకు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినబడిన క్షణం నువ్వు చీపురు వదిలి, జనాన్ని మెట్ల మీద దారి తప్పకుండా నడిపించేవాడివి. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలో జిల్యో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా రాతికి తగిలి ఒరిగిపోయినప్పుడు 32 మంది పోయారు. వాళ్ళలో మన దేశపు వెయిటర్ ఒకడున్నాడు. అతని అవశేషాలు 2014 నవంబరులో గాని దొరకలేదు. ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో ప్రయాణికులకు భద్రతా డ్రిల్ జరిపించాలన్న నిబంధన ఆ ప్రమాదం తర్వాతే వచ్చింది. డ్రిల్ రోజున విసుక్కునే గెస్టు ఉంటాడు. విసుక్కోనీ.

కష్టం దాచను. నెలల తరబడి వారానికి సెలవు రోజంటూ ఉండదు. పాత గెస్టులు పొద్దున దిగి, కొత్తవాళ్ళు మధ్యాహ్నానికి ఎక్కే రోజున నడుం విరిగిపోతుంది. పరుపు ఎత్తేటప్పుడు నడుం వంచకు, మోకాళ్ళు వంచు. అంతర్జాతీయ నౌకా కార్మిక ఒప్పందం ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు నీకు విశ్రాంతి ఉండాలి. పడుకోని గంటలు పడుకున్నట్టు చూపే కాగితం మీద సంతకం పెట్టకు. నీకే వాంతులైతే జీతం, టిప్పు పోతాయని దాచకు. ఆ పూటే డాక్టరుకి చెప్పు.

చివరిగా నీకు ఉద్యోగం ఇప్పిస్తానన్న ఏజెంటు సంగతి. ఉద్యోగానికి రెండున్నర లక్షలు అడిగాడన్నావు. పైన చెప్పిన నౌకా కార్మిక ఒప్పందంలోనే నావికుడి దగ్గర ఉద్యోగం కోసం ఫీజు తీసుకోకూడదని ఉంది. మన దేశం దాన్ని 2015లో ఆమోదించింది. పాస్‌పోర్టు, సీడీసీ, మెడికల్ ఖర్చులు నీవి. శిక్షణ ఫీజు ఆమోదం ఉన్న ఇన్‌స్టిట్యూట్‌కి నువ్వే నేరుగా కట్టు. వీసా ఖర్చు ఓడ యజమానిది. ఏజెంటుకి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన నావికుల నియామకపు లైసెన్స్ (ఆర్‌పీఎస్ఎల్) ఉండాలి, ఆ నంబరు డైరెక్టరేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. మీ నాన్న పొలం కాగితాలు బయటికి తీయకుండా చూడు.

ఈ వారంలో ఒక పని చెయ్యి. మీ ఇంటి బాత్రూం పైనుంచి కిందిదాకా నేను చెప్పినట్టు కడుగు. కడుగుతూ నీ కంటికి పడినవన్నీ రాయి. కుళాయి కారడం, గోడ చెమ్మ, బల్బు హోల్డర్ వదులు, ఏదైనా. ఆ కాగితం, ఏజెంటు ఇచ్చిన కాగితం రెండూ పట్టుకుని ఆదివారం పాసింజరుకి రా. స్టేషన్‌కి నేనే వస్తాను.

అక్కకి, బావకి నమస్కారాలు చెప్పు.

మీ మామయ్య