బడికి వెళ్ళాం, ఫొటో దిగాం... తర్వాత?

సెకండియర్‌లో నేను కంప్యూటర్ సొసైటీ స్టూడెంట్ చాప్టర్‌లో చేరాను. ఎందుకు చేరానో నిజం చెప్పేస్తా: రెజ్యూమెలో ఒక లైన్ కోసం. మీలో కూడా చాలామంది అందుకే చేరుంటారు, మొహమాటపడక్కర్లేదు. ఏడాది చివర్లో చాప్టర్ తరఫున ఒక రిపోర్టు పంపాలి. అందులో "సామాజిక కార్యక్రమాలు" అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా ఉందని మాకు ఫిబ్రవరిలో గుర్తొచ్చింది.

వెంటనే కాలేజీకి దగ్గర్లో ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్‌కి బయల్దేరాం. పదిమందిమి, ఒక బ్యానర్, ఒక ప్రొజెక్టర్, నలభై స్లైడ్ల పీపీటీ. టాపిక్ మెషీన్ లెర్నింగ్ పరిచయం. విన్నది ఏడో తరగతి పిల్లలు! ఎనిమిదో స్లైడ్ దగ్గర కరెంటు పోయింది. ఏం చేయాలో తెలీక నిలబడ్డాం. అప్పుడు ముందు వరసలోని ఒక అమ్మాయి లేచి అడిగింది: "అన్నా, మా కంప్యూటర్ రూముకి ఎప్పుడూ తాళమే ఉంటది. ఇవన్నీ మేమెక్కడ చేయాలె?"

నా దగ్గర జవాబు లేదు. "కరెంటు రాగానే చెప్తాం" అన్నాను. కరెంటు రాలేదు. బిస్కెట్లు పంచి, బ్యానర్ పట్టుకుని ఫొటో దిగాం. బయటికొస్తుంటే లెక్కల మేడమ్ "మళ్ళీ ఎప్పుడొస్తారు బాబూ?" అని అడిగారు. "త్వరలోనే వస్తాం మేడమ్" అన్నాం. వెళ్ళలేదు. రిపోర్టులో మాత్రం "విద్యార్థులకు అవగాహన కల్పించాం" అని రాశాం. రాసింది నేనే.

అసలు ఒక వృత్తి సంఘానికి బయటి జనంతో పనేంటి, ఆ పని బాగా చేసినవాళ్ళు ఎలా చేశారు అని నేను వెతకడం మొదలుపెట్టింది ఆ సెలవుల్లో. చాలా చదివాను కానీ ఒక్క ఉదాహరణ బాగా పట్టుకుంది. అది ఇంగ్లండ్‌ది.

బ్రిటిష్ కంప్యూటర్ సొసైటీ, అంటే బీసీఎస్, 1957లో పుట్టింది. దాని మొదటి అధ్యక్షుడు మారిస్ విల్క్స్. ఎడ్సాక్ కంప్యూటర్ కట్టిన ఆయనే. 1984లో వాళ్ళకి రాయల్ చార్టర్ వచ్చింది. ఆ చార్టర్లో సంఘం ఎందుకు ఉందో రాసి ఉంటుంది: కంప్యూటింగ్ చదువునీ వృత్తినీ ముందుకు తీసుకెళ్ళాలి, అది ప్రజల మేలు కోసం జరగాలి. సభ్యుల మేలు అని ఊరుకోలేదు, ప్రజల మేలు అన్నారు. అంటే మేం ఫిబ్రవరిలో హడావుడిగా నింపిన ఆ గడి నిజానికి సంఘం పుట్టుకకే కారణం అన్నమాట.

ఇంగ్లండ్ బడుల్లో ఐసీటీ అనే సబ్జెక్టు ఉండేది. చాలా బడుల్లో అందులో ఏం చెప్పేవారంటే వర్డ్‌లో ఉత్తరం రాయడం, ఎక్సెల్‌లో పట్టికలు, పవర్‌పాయింట్‌లో స్లైడ్లు. మన దగ్గర ఊరి చివర కంప్యూటర్ సెంటర్లో చెప్పే ఎమ్మెస్ ఆఫీస్ కోర్సు లాంటిదే. పిల్లలకి బోర్ కొట్టేది. యంత్రం లోపల ఏం జరుగుతుందో, ఒక పనిని మెట్లుమెట్లుగా ఎలా విడగొట్టాలో ఎవరూ చెప్పేవారు కాదు.

2008లో కొద్దిమంది కలిసి కంప్యూటింగ్ ఎట్ స్కూల్ అనే బృందం పెట్టారు. దాన్ని నడిపించింది సైమన్ పేటన్ జోన్స్. హాస్కెల్ భాష తయారుచేసినవాళ్ళలో ఒకరు, అప్పుడు కేంబ్రిడ్జ్‌లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో పనిచేసేవారు. అంత పెద్ద పరిశోధకుడు బడి పాఠాల గురించి ఏళ్ళ తరబడి తిరగడం నాకు వింతగా అనిపించింది. ఈ బృందానికి బీసీఎస్ అండగా నిలిచింది.

నాకు నచ్చింది వాళ్ళు మొదలుపెట్టిన తీరు. స్లైడ్లు పట్టుకుని నేరుగా పిల్లల దగ్గరికి వెళ్ళలేదు. టీచర్లని కలుపుకున్నారు. సభ్యత్వానికి డబ్బు లేదు. ఊరూరా చిన్న చిన్న కూటములు పెట్టారు. బడి అయ్యాక సాయంత్రం టీచర్లు, యూనివర్సిటీవాళ్ళు, కంపెనీలవాళ్ళు కూర్చుని, "నేను ఈ పాఠం ఇలా చెప్పాను, ఇక్కడ పిల్లలు తికమకపడ్డారు" అని మాట్లాడుకునేవారు. మనవాళ్ళు కూడబలుక్కోవడం అంటారే, అదన్నమాట. రెండో పని, పాఠ్యప్రణాళిక ఎలా ఉండాలో ఎవరూ అడక్కముందే తామే ఒక ముసాయిదా రాసి పెట్టుకున్నారు.

2012 జనవరిలో విద్యామంత్రి మైకేల్ గోవ్ లండన్‌లో జరిగే బెట్ ప్రదర్శనలో మాట్లాడుతూ పాత ఐసీటీ ప్రణాళికని పక్కన పెడతామన్నారు. అదే నెలలో రాయల్ సొసైటీ కూడా బడుల్లో కంప్యూటర్ చదువు గురించి ఘాటైన నివేదిక ఇచ్చింది. ప్రభుత్వం కొత్త ప్రణాళిక ముసాయిదా పనిని నడిపించమని అడిగింది బీసీఎస్‌నీ, రాయల్ అకాడమీ ఆఫ్ ఇంజినీరింగ్‌నీ. అడిగిన రోజున వీళ్ళ దగ్గర నాలుగేళ్ళ ఆలోచన సిద్ధంగా ఉంది. 2014 సెప్టెంబర్ నుంచి ఇంగ్లండ్‌లో కంప్యూటింగ్ అనే కొత్త సబ్జెక్టు అమల్లోకొచ్చింది. ఐదేళ్ళ పిల్లలకి అల్గారిథమ్ అంటే ఏంటో చెప్పాలి, చిన్న ప్రోగ్రామ్‌లో తప్పు వెతికించాలి. పద్నాలుగేళ్ళు వచ్చేసరికి రెండు ప్రోగ్రామింగ్ భాషలు, బూలియన్ లాజిక్, బైనరీ.

ఇక్కడ ఆపేస్తే బాగుండేది, విజయగాథ అయిపోయేది. కానీ అసలు చిక్కు ఆ తర్వాతే మొదలైంది. కొత్త పాఠం చెప్పాల్సింది ఎవరు? నిన్నటిదాకా పవర్‌పాయింట్ చెప్పిన టీచరే! చాలామందికి ప్రోగ్రామింగ్ రాదు. 2017లో రాయల్ సొసైటీ మళ్ళీ పరిశీలించి చూస్తే ఇంగ్లండ్‌లో సగానికి పైగా బడుల్లో జీసీఎస్ఈ స్థాయిలో, అంటే మన పదో తరగతి లాంటి దశలో, కంప్యూటర్ సైన్స్ లేనేలేదు. ఆ పరీక్ష రాసేవాళ్ళలో అమ్మాయిలు ఐదో వంతే. తీసిపారేసిన ఐసీటీలో అమ్మాయిల వాటా దీనికన్నా బాగా ఎక్కువ ఉండేది. అంటే పాతది బోర్ అని తీసేస్తే, దానితోపాటు కొంతమంది పిల్లలు కూడా బయటికి వెళ్ళిపోయారు. నా దృష్టిలో ఇది చిన్న పొరపాటు కాదు. మనకి ఇష్టమైన సబ్జెక్టు అందరికీ ఇష్టమవుతుందని మనలాంటివాళ్ళం తేలిగ్గా అనుకుంటాం.

అయినా వాళ్ళు పారిపోలేదు. టీచర్లకి శిక్షణ కావాలని ఒత్తిడి తెస్తూనే ఉన్నారు. 2017 నవంబర్ బడ్జెట్లో ప్రభుత్వం సుమారు 8.4 కోట్ల పౌండ్లు ప్రకటించింది. మరుసటి ఏడాది టీచర్ల శిక్షణ కోసం జాతీయ కేంద్రం మొదలైంది. దాన్ని నడిపే బాధ్యత తీసుకున్న మూడు సంస్థల్లో బీసీఎస్ ఒకటి, మిగతావి రాస్ప్‌బెర్రీ పై ఫౌండేషన్, స్టెమ్ లెర్నింగ్. 2008లో మొదలైన పని పదేళ్ళు దాటినా ఇంకా నడుస్తూనే ఉంది. మా కార్యక్రమం రెండున్నర గంటల్లో అయిపోయింది.

మన దేశంలోనూ ఇలాంటి ప్రయత్నం ఉంది. ఏసీఎమ్ ఇండియా 2016లో సీఎస్ పాఠశాల అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అందులోని పాఠాలు ఉచితం, చాలావాటికి కంప్యూటరే అక్కర్లేదు. న్యూజిలాండ్‌లో టిమ్ బెల్, ఆయన సహచరులు తయారుచేసిన సీఎస్ అన్‌ప్లగ్డ్ కూడా ఇలాంటిదే. అట్టముక్కలు, సుద్దగీతలు, పిల్లల కాళ్ళూ చేతులూ ఉంటే చాలు. తాళం వేసిన గది ముందు నిలబడి ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు ఎప్పటినుంచో ఉంది, నేనే చదువుకోలేదు.

థర్డియర్ మొదట్లో మళ్ళీ అదే బడికి వెళ్ళాం. ఈసారి ముగ్గురమే. బ్యానర్ లేదు. ముందు లెక్కల మేడమ్‌తో రెండు సాయంత్రాలు కూర్చున్నాం. పెళ్ళిపత్రికల అట్టలు కత్తిరించి, వాటి మీద చుక్కలు పెట్టాం: 16, 8, 4, 2, 1. ఐదుగురు పిల్లలు వరసగా నిలబడి తలా ఒక అట్ట పట్టుకోవాలి. చుక్కలు కనిపిస్తే ఒకటి, తిప్పేస్తే సున్నా. "పదమూడు" అనగానే 8, 4, 1 అట్టలు చూపించాలి, మిగతావి తిప్పేయాలి. అంటే 01101. పాఠం చెప్పింది మేడమే. మేం వెనక బెంచీలో కూర్చున్నాం, సర్దుకోలేక రెండుసార్లు మధ్యలో దూరాను, ఆవిడ "ఆగు బాబూ, వాళ్ళని ఆలోచించనీ" అన్నారు.

అన్ని అట్టలూ చూపిస్తే ఎంత అని అడిగారు మేడమ్. ముప్ఫై ఒకటి. ఇప్పుడు ఎనిమిదో తరగతికి వచ్చిన ఆ అమ్మాయి కాసేపు అట్టల వంక చూసి, "ఇంకో అట్ట వస్తే దాని మీద ముప్ఫై రెండుంటది కదా మేడమ్, ఎప్పుడూ ఒకటి తక్కువే అయితది" అంది. నేను ఫస్టియర్‌లో ఆ ఫార్ములా బట్టీపట్టి రాశాను.

అట్టలు అక్కడే వదిలేసి వచ్చాం. పోయిన వారం మేడమ్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. బడి ఆవరణలో సుద్దతో గీతలు గీసి, ఆరుగురు పిల్లలని నడిపిస్తూ సార్టింగ్ నెట్‌వర్క్ ఆడించారట. నాలుగో పిల్లాడు ప్రతిసారీ తప్పు గీత మీదికి పోతున్నాడట, బొమ్మ గీయడంలో తనదే పొరపాటా అని అడిగారు, ఫొటో కూడా పెట్టారు. చూశాను. మూడో వరసలో ఒక గీత తప్పింది. శనివారం వెళ్తున్నాం, రావాలనుకునేవాళ్ళు ఉదయం ఎనిమిదికి గేటు దగ్గర ఉండండి.