పనిముట్టు – పట్టు

పాఠ్యభాగ ఉద్దేశం

యంత్రం మీద పనిచేసేవారికి పనిముట్టును పదును పెట్టడం ఎంత అవసరమో, దానిని పదిలంగా బిగించడం అంతకంటె అవసరం. అభిరుచితో చిన్న లేత్, చిన్న మిల్లింగ్ యంత్రాల మీద పనిచేసే యువతకు ఈ విషయంలో శాస్త్రీయమైన అవగాహన కలిగించడం, శ్రమపట్ల గౌరవాన్నీ ప్రాణంపట్ల జాగరూకతనూ పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తూర్పు తీరాన విశాఖపట్నం యంత్రాల చప్పుడుకు అలవాటు పడిన నగరం. 1948 మార్చి 14న ఇక్కడి నౌకా నిర్మాణ కేంద్రం నుంచి ‘జల ఉష’ అనే ఓడ జలప్రవేశం చేసింది. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో ప్రజలు సాగించిన మహోద్యమ ఫలితంగా రూపుదాల్చిన ఉక్కు కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న నాటి ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఆ కర్మాగార ఉద్యోగుల కోసం వెలసిన నివాస పట్టణమే ఉక్కునగరం.

ఉక్కు కర్మాగారంలో ఎర్రగా కాగిన ఉక్కును కడ్డీలుగా సాగదీసే రోళ్ళ గాడులు కొంతకాలానికి అరిగిపోతాయి. అప్పుడు వాటిని భారీ లేత్‌ల మీద మళ్ళీ చెక్కుతారు. కర్మాగారం దాటి గాజువాక ఆటోనగర్‌కు వస్తే, చిన్న చిన్న షెడ్లలో లారీల, ఆటోల విడిభాగాలను లేత్‌ల మీద సరిచేసే టర్నర్లు కనిపిస్తారు. ఇక ఇంట్లో బల్లమీద అమర్చుకోగల బుల్లి లేత్‌లు కూడా నేడు లభిస్తున్నాయి. చిన్న ఆవిరి యంత్రం నమూనానో, గడియారపు ఇరుసునో స్వయంగా చేసుకోవాలనే ఉత్సాహం గలవారు వాటిని కొంటున్నారు. ఈ మూడుచోట్లా యంత్రం పరిమాణం మారుతుంది. కాని సూత్రం ఒక్కటే: కోసే పనిముట్టు తన స్థానం నుంచి కదలకూడదు.

ఈ సూత్రాన్ని అర్థం చేసుకోవడానికి మన ప్రాంతపు చేతిపని ఒకటి చక్కగా ఉపకరిస్తుంది. నేటి అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక గ్రామం లక్క బొమ్మలకు పేరు పొందింది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడి కళాకారులు మెత్తని అంకుడు కర్రను తరిమెన పట్టి, అంటే లేత్‌పై తిప్పుతూ, ఉలితో చెక్కి బొమ్మలుగా మలుస్తారు. తిరుగుతున్న కర్రకు లక్కను ఒత్తిపెడితే ఆ రాపిడి వేడికి లక్క కరిగి రంగుగా పరచుకుంటుంది.

అక్కడ ఉలిని పట్టుకునేది మనిషి చెయ్యే. అయినా చేతిబలం ఒక్కటే దానిని నిలపదు. ఉలి ఒక ఆధారం మీద ఆనుతుంది. తరిమెన పనిలో ఎక్కడైనా పాటించవలసిన నియమం ఇది: ఉలిని ముందుగా ఆధారం మీద ఆనించి, ఆ తరువాతే తిరిగే కర్రకు తాకించాలి. ఆధారం కర్రకు దగ్గరగా ఉండాలి. ఈ వరుస తప్పితే కర్ర ఉలిని లాగి విసరివేస్తుంది. కర్ర మెత్తనిది కనుక చెయ్యి ఆ ఒత్తిడిని తట్టుకుంటుంది. కాని ఉక్కును కోసేటప్పుడు పుట్టే బలాన్ని మనిషి చెయ్యి నిబ్బరంగా తట్టుకోలేదు.

ఈ సమస్యకు ఇంగ్లండులో హెన్రీ మాడ్స్‌లే చూపిన పరిష్కారం చరిత్రాత్మకమైనది. 18వ శతాబ్దం ముగిసేనాటికి ఆయన తన లేత్‌లో జారుడు పీటను సమర్థంగా వినియోగంలోకి తెచ్చాడు. దాని మీద పనిముట్టును మరలతో బిగించి, పిడి తిప్పుతూ కావలసినంత మేరకే ముందుకు నడపవచ్చు. అంటే పనిముట్టును పట్టుకునే పని యంత్రానిది, దానిని నడిపించే పని మనిషిది అయింది. అటువంటి ఆలోచన ఆయనకు ముందే కొందరికి కలిగినా, దానిని కచ్చితమైన లోహపు యంత్రంగా తీర్చిదిద్దిన కీర్తి ప్రధానంగా ఆయనకు దక్కింది. నేటి బుల్లి లేత్‌పై కనిపించే టూల్‌పోస్టు ఆ జారుడు పీట మీద నిలిచినదే.

టూల్‌పోస్టులో పనిముట్టును బిగించేటప్పుడు మూడు విషయాలు గమనించాలి. అవి ఎత్తు, పొడవు, బిగింపు.

మొదటిది ఎత్తు. పనిముట్టు మొన లేత్ కేంద్రరేఖకు సరిసమానమైన ఎత్తులో ఉండాలి. మొన కేంద్రం కంటె పైన ఉంటే, పదును అంచుకు బదులు దాని కింది భాగం లోహాన్ని రాసుకుంటుంది. కోత పడదు, వేడి పుడుతుంది. మొన కేంద్రం కంటె కింద ఉంటే, సన్నని కడ్డీ వంగి పనిముట్టు మీదికి ఎక్కే ప్రమాదం ఉంది. ఎత్తును సరిచూడటానికి సులభమైన ఉపాయం ఒకటి ఉంది. యంత్రాన్ని ఆపి, మొనకూ గుండ్రని కడ్డీకీ మధ్య సన్నని ఉక్కు స్కేలును తేలికగా నొక్కిపట్టాలి. స్కేలు నిట్టనిలువుగా నిలిస్తే ఎత్తు సరిపోయినట్లే. స్కేలు పైకొస మనవైపు వాలితే మొన కిందికి ఉన్నదనీ, అవతలివైపు వాలితే మొన పైకి ఉన్నదనీ గ్రహించాలి. ఎత్తు చాలకపోతే పనిముట్టు కింద చదునైన లోహపు పలకలు పెట్టాలి. అవి టూల్‌పోస్టులో పనిముట్టు ఆనే మేర అంతటా పరచుకోవాలి. అట్టముక్కలు, కర్రముక్కలు పనికిరావు. ఒత్తిడికి అవి అణిగిపోయి పట్టు సడలుతుంది.

రెండవది పొడవు. టూల్‌పోస్టు నుంచి పనిముట్టు ఎంత తక్కువగా బయటికి వస్తే అంత మంచిది. ఒక కొస బిగించి, రెండవ కొసపై బరువు మోపిన కడ్డీ వంగే పరిమాణం దాని పొడవు ఘనాన్ని అనుసరించి పెరుగుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. బయటికి వచ్చిన పొడవు 20 మిల్లీమీటర్ల నుంచి 40 మిల్లీమీటర్లకు పెరిగితే, అదే ఒత్తిడికి వంపు రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. వంగిన పనిముట్టు తిరిగి లేస్తుంది, మళ్ళీ వంగుతుంది. ఈ అదురు వల్ల లోహం మీద అలలవంటి గీతలు పడతాయి. అదురు పెరిగితే మొన విరుగుతుంది. పనిముట్టు మందానికి ఒకటిన్నర రెట్లకు మించి బయటికి రాకుండా చూసుకోవడం మంచి అలవాటు. 10 మిల్లీమీటర్ల పనిముట్టయితే 15 మిల్లీమీటర్లు చాలు.

మూడవది బిగింపు. పనిముట్టును ఒక్క మరతో బిగించి సరిపెట్టుకోకూడదు. కనీసం రెండు మరలను ఒకదాని తరువాత ఒకటి, కొద్దికొద్దిగా బిగించాలి. బిగించే ముందు ఆ చోటును బ్రష్షుతో శుభ్రం చేయాలి. ఇసుకరేణువంత లోహపు తునక అడుగున చిక్కుకున్నా పనిముట్టు చదునుగా కూర్చోదు. బిగింపు పూర్తయిన తరువాత చక్‌ను చేతితో ఒక చుట్టు తిప్పి, దాని దవడలు పనిముట్టుకు తగలడం లేదని నిర్ధారించుకున్న పిమ్మటే మోటారు మీట నొక్కాలి.

పనిముట్టు దేనితో తయారయిందన్నది కూడా పట్టుకు సంబంధించిన విషయమే. 1900 పారిస్ ప్రదర్శనలో అమెరికా నిపుణులు చూపిన హైస్పీడ్ ఉక్కు ఎర్రబడేంత వేడిలోనూ పదును కోల్పోకుండా లోహాన్ని కోసి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. 1920లలో జర్మనీలో టంగ్‌స్టన్ కార్బైడ్ పనిముట్లు వచ్చాయి. వజ్రంవంటిది అనే భావంతో వాటికి పెట్టిన ‘విడియా’ అనే పేరు మన వర్క్‌షాపుల్లో నేటికీ నిలిచి ఉంది. విడియా చాలా గట్టిది, కాని పెళుసైనది. హైస్పీడ్ ఉక్కు కొంత అదురును ఓర్చుకుంటుంది. విడియా మొన ఓర్చుకోలేక పగిలి చిమ్ముతుంది. బలహీనమైన పట్టులో ఖరీదైన పనిముట్టును ఉంచడం వల్ల ప్రయోజనం లేకపోగా కంటికి ప్రమాదం.

లేత్‌లో పని తిరుగుతుంది, పనిముట్టు నిలిచి ఉంటుంది. మిల్లింగ్ యంత్రంలో ఇందుకు విరుద్ధంగా పనిముట్టే తిరుగుతుంది. అందువల్ల దాని పట్టు మరింత కీలకమైనది. ఇక్కడ కొత్తవారు తరచుగా చేసే పొరపాటు డ్రిల్ చక్‌లో మిల్లింగ్ కటర్‌ను బిగించడం. డ్రిల్ బిట్ నిలువుగా దిగుతుంది కనుక ఒత్తిడి దాని అక్షం వెంట పనిచేస్తుంది. డ్రిల్ చక్ అందుకోసమే రూపొందింది. మిల్లింగ్ కటర్ పక్కకు కోస్తుంది కనుక ఒత్తిడి అడ్డంగా పడుతుంది. చక్‌లోని మూడు దవడలు కటర్ కాడను మూడు సన్నని గీతల వెంట మాత్రమే పట్టుకుంటాయి. మెలికలు తిరిగిన కటర్ పళ్ళను కోత బలం కిందికి లాగుతూ ఉంటుంది. అదురుకు కటర్ చక్‌లో నుంచి జారవచ్చు, లేదా చక్ తన ఇరుసు నుంచి ఊడి, తిరుగుతూనే కింద పడవచ్చు.

ఇందుకు తగిన సాధనం కాలెట్. ఇది చీలికలు గల ఉక్కు గొట్టం. నట్టును బిగించినకొద్దీ గొట్టం అన్నివైపుల నుంచి కుంచించుకొని కటర్ కాడను చుట్టూ సమంగా అదిమి పట్టుకుంటుంది. 1970లలో స్విట్జర్లాండ్‌లో రూపొందిన ఈ.ఆర్. తరహా కాలెట్లు నేడు చిన్న యంత్రాలలోనూ విరివిగా వాడుకలో ఉన్నాయి. వీటిని వాడే పద్ధతిలో ఒక క్రమం ఉంది. ముందుగా కాలెట్‌ను నట్టులో క్లిక్కుమనేలా కూర్చోబెట్టాలి. తరువాత కటర్‌ను దూర్చాలి. ఆ తరువాతే నట్టును స్పిండిల్‌కు ఎక్కించి బిగించాలి. కటర్ కాడ కాలెట్ పొడవులో కనీసం మూడింట రెండు వంతులు లోపలికి దిగాలి. సాధారణంగా ఒక్కో కాలెట్ తన కొలత కంటె సుమారు ఒక మిల్లీమీటరు వరకే కుంచించుకుంటుంది. కటర్‌కు తగిన కాలెట్ దొరకలేదని పెద్దదానిలో చిన్న కటర్‌ను బిగించడం తగదు. కటర్‌ను చేతితో తాకవలసి వస్తే విద్యుత్తును పూర్తిగా ఆపి, మందపాటి గుడ్డతో పట్టుకోవాలి.

పనిముట్టు పట్టు ఇంత ముఖ్యమైతే, పనివాని సిద్ధత తక్కువ ముఖ్యమైనది కాదు. నిమిషానికి 600 సార్లు తిరిగే చక్ ఒక్క సెకనులో 10 చుట్లు తిరుగుతుంది. ప్రమాదాన్ని చూసి మనిషి చెయ్యి వెనక్కి తీసుకోవడానికి సుమారు పావు సెకను పడుతుంది. ఆలోగా చక్ రెండు చుట్లకు పైగా తిరిగిపోతుంది. కనుక యంత్రంతో వేగంలో పోటీపడి తప్పించుకోగలమనుకోవడం భ్రమ. చక్ కీని చక్‌లో వదలివేసి మోటారును నడిపితే అది రాయిలా ఎగిరి వస్తుంది. చేతిలో నుంచి కీని దించేముందు దానిని చక్ నుంచి తీసివేయడం అలవాటు చేసుకోవాలి. వదులైన చేతులు గల చొక్కా, వేలాడే ఓణీ, విరబోసిన జుట్టు, గాజులు, ఉంగరాలు యంత్రం దగ్గర నిషిద్ధం. చేతి తొడుగులు రక్షణనిస్తాయని అనుకోవడం సహజమే. కాని తిరిగే యంత్రం దగ్గర అవే చేతిని లోపలికి లాగుతాయి. కళ్ళద్దాలు మాత్రం తప్పనిసరి. చుట్టలుగా వచ్చే లోహపు తునకలను చేతితో లాగకూడదు. యంత్రం ఆగిన తరువాత కొక్కెంతోనో బ్రష్షుతోనో తీయాలి.

‘ఇది బొమ్మవంటి యంత్రం, దీనికింత జాగ్రత్త దేనికి?’ అని కొందరు తేలికగా మాట్లాడతారు. నిజానికి భారీ లేత్ తన బరువుతోనే అదురును కొంత మింగివేస్తుంది. బుల్లి లేత్‌కు ఆ బరువు లేదు. దాని పీట సన్ననిది, మరలు చిన్నవి. అందువల్ల పట్టులోని లోపం చిన్న యంత్రంలోనే త్వరగా బయటపడుతుంది. పైగా కర్మాగారంలో పక్కన అనుభవజ్ఞుడైన మేస్త్రీ ఉంటాడు, పర్యవేక్షించే అధికారి ఉంటాడు, ప్రథమ చికిత్స పెట్టె ఉంటుంది. ఇంటి గదిలో ఒంటరిగా పనిచేసే విద్యార్థికి తన వివేకమే మేస్త్రీ. కోత గరుకుగా వచ్చినప్పుడు యంత్రాన్ని నిందించేవారు ‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెతను గుర్తు తెచ్చుకోవాలి. ముందుగా చూడవలసింది పనిముట్టు పట్టునే.

భద్రత వేరు, నైపుణ్యం వేరు అనుకోవడం పొరపాటు. సరైన ఎత్తులో, తక్కువ పొడవుతో, గట్టి బిగింపుతో ఉన్న పనిముట్టు నునుపైన కోతనిస్తుంది. ఆ పనిముట్టే వేలికీ కంటికీ హాని చేయనిది కూడా. నిపుణుడైన టర్నర్ మీట నొక్కే ముందు నిలిచి చూసే ఆ కొద్ది క్షణాలు వృథా కాలం కాదు, అవి అతని పనిలో భాగమే. జాతీయ భద్రతా మండలి ఏర్పడిన మార్చి 4వ తేదీని దేశమంతటా భద్రతా దినోత్సవంగా పాటిస్తున్నాం. దసరా పండుగకు పనిముట్లను శుభ్రం చేసి, పసుపు కుంకుమలు పెట్టి పూజిస్తున్నాం. ఆ గౌరవం ఆ ఒక్క రోజుతో ముగియరాదు. పనిముట్టును ప్రతిరోజూ శుభ్రం చేసి, సరిగా అమర్చి, బిగించి, సరిచూసుకొని పని మొదలుపెట్టడమే దానికి చేసే నిజమైన పూజ. ఉక్కును మలిచే చేతులు చిరకాలం క్షేమంగా ఉండాలంటే నేటి యువత అలవరచుకోవలసిన తొలి పాఠం ఇదే.

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. లేత్‌లో పనిముట్టును బిగించేటప్పుడు గమనించవలసిన మూడు విషయాలను వివరించండి.
2. భద్రత, నైపుణ్యం వేరువేరు కావని పాఠం ఆధారంగా నిరూపించండి.

ఆ) కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఏటికొప్పాక కళాకారుని పనికీ, ఉక్కును కోసే టర్నర్ పనికీ గల భేదం ఏమిటి?
2. మిల్లింగ్ కటర్‌ను డ్రిల్ చక్‌లో ఎందుకు బిగించకూడదు?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. విశాఖ ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసినదెవరు?
2. ‘విడియా’ అనే పేరులోని భావం ఏమిటి?
3. పనిముట్టు బయటి పొడవు రెండింతలైతే వంపు ఎన్నింతలవుతుంది?

ఈ) మీ ఊరిలో ఒక లేత్ వర్క్‌షాపును పెద్దల అనుమతితో సందర్శించి, అక్కడ పనిముట్లను బిగించే పద్ధతిని గురించి ఒక నివేదిక రాయండి.