నొప్పి నుండి మనసు మళ్ళించడం ఎలా?

"అన్నం తినకపోతే సూది వేయిస్తాను" అని పిల్లలను బెదిరించడం మన ఇళ్ళలో మామూలే. అలా పెరిగిన పిల్లవాడు జ్వరంతో ఆసుపత్రికి వస్తే, తెల్లకోటు కనబడగానే ఏడుపు అందుకుంటాడు. నలుగురు గట్టిగా పట్టుకుని సూది వేస్తే ఆ పూటకు పని అయిపోతుంది. భయం మాత్రం మిగిలిపోతుంది. ఆ భయంతోనే పెద్దయ్యాక కూడా రక్తపరీక్షకు, టీకాకు, పంటి వైద్యానికి వెనుకాడేవారు ఉన్నారు. కనుక నొప్పిని, ఆందోళనను తగ్గించడం కూడా చికిత్సలో భాగమే. అందుకు పెద్దగా ఖర్చులేని మార్గం ఒకటుంది. అదే రోగి మనసును వేరే పని మీదికి మళ్ళించడం. ఈ పాఠం నర్సులకూ, రోగి వెంట వచ్చే బంధువులకూ ఉపయోగపడుతుంది.

ఇది ఎలా పనిచేస్తుంది?

గాయమైన చోటు నుండి కబురు నరాల ద్వారా వెన్నుపాముకు, అక్కడి నుండి మెదడుకు చేరితేనే మనకు నొప్పి తెలుస్తుంది. వెన్నుపాములో ఒక తలుపు వంటి ఏర్పాటు ఉందని, మెదడు నుండి వచ్చే ఆజ్ఞలు దానిని కొంతవరకు మూయగలవని 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతంలోని వివరాలు తరువాత కొన్ని మారినా, ముఖ్యమైన ఆలోచన నిలిచింది. మనసు కష్టమైన జ్ఞాపకశక్తి పనిలో మునిగి ఉన్నప్పుడు నొప్పి సంకేతాలు వెన్నుపాములోనే తగ్గుతున్నాయని 2012లో జర్మనీలోని హాంబర్గ్ పరిశోధకులు స్కానింగ్ ద్వారా చూపారు. కాబట్టి ఇది రోగిని మభ్యపెట్టడం కాదు. శరీరంలో ఉన్న శక్తిని వాడుకోవడమే.

అమెరికాలోని సియాటిల్ నగరంలో కాలిన గాయాల రోగుల కోసం 'స్నోవరల్డ్' అనే కంప్యూటర్ ఆటను తయారుచేశారు. చికిత్స జరుగుతుండగా రోగి కళ్ళకు తొడుగు పెట్టుకుని, మంచు లోయలో మంచు ఉండలు విసురుతూ ఉంటాడు. మామూలుగా ఇచ్చే మందులకు తోడుగా దీనిని వాడినప్పుడు నొప్పి తగ్గినట్లు రోగులు చెప్పారు. మన వార్డులో ఆ యంత్రం లేకపోయినా అందులోని కిటుకు మనకు పనికివస్తుంది: రోగి ఊరికే చూస్తూ ఉండటం కంటే తానే ఏదో ఒకటి చేస్తూ ఉండటం మేలు.

ఎవరికి ఏది?

పాలు తాగే బిడ్డకు: సూది వేసేటప్పుడు తల్లి ఒడిలో ఉంచి పాలు పట్టించాలి. టీకాల నొప్పి తగ్గించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల్లో ఇది ఉంది.

ఆరేళ్ళలోపు పిల్లలకు: బల్లపై పడుకోబెట్టి అదిమిపట్టకుండా, తల్లి ఒడిలో కూర్చోబెట్టాలి. సబ్బునీటి బుడగలు ఊదించడం చాలా మంచిది. ఊదేటప్పుడు ఊపిరి నెమ్మదిగా వదులుతారు గనుక బిగుసుకున్న ఒళ్ళు వదులవుతుంది.

బడి పిల్లలకు: పొడుపుకథలు, ఎక్కాలు వెనుక నుండి చెప్పడం, ఫోనులో ఆట, ఇష్టమైన క్రికెటర్ గురించి కబుర్లు.

పెద్దలకు: పంట, పిల్లల చదువు, వంట వంటి తెలిసిన సంగతులు అడగండి. "అవును, కాదు" అని తేలిపోయే ప్రశ్నలు వద్దు. "గోంగూర పచ్చడి ఎలా చేస్తావమ్మా?" అంటే వరుసగా చెప్పుకుపోతుంది. సూది గుచ్చే క్షణంలో చిన్నగా దగ్గమనడం కూడా ఉపయోగమే.

కొందరికి జరిగేది చూస్తేనే ధైర్యంగా ఉంటుంది. వారిని చూడనివ్వండి. "చూస్తారా, కబుర్లు చెప్పుకుందామా?" అని ముందే అడగాలి.

మాటల విషయంలో జాగ్రత్త

"అసలు నొప్పే ఉండదు" అని చెప్పకూడదు. ఒకసారి అబద్ధమని తేలితే మరుసటిసారి మన మాట నమ్మరు. "ఏం కాదు, ఏం కాదు" అని పదేపదే అన్నా బిడ్డకు ఏదో కాబోతోందనే అనుమానం పెరుగుతుంది. "కాస్త చురుక్కుమంటుంది, ఐదు లెక్కపెట్టేలోగా అయిపోతుంది" అని నిజం చెప్పి, వెంటనే కబుర్లలోకి దిగాలి. సూది సిద్ధం చేయకముందే కబుర్లు మొదలుపెడితే ఇంకా మంచిది. మాట్లాడేవారు ఒక్కరే ఉండాలి. నలుగురూ ఒకేసారి మాట్లాడితే బిడ్డ బెదిరిపోతుంది.

హద్దులు మరువరాదు

కబుర్లు మందుకు బదులు కావు. కుట్లు వేసే ముందు మత్తు సూది, కాలిన గాయానికి కట్టు మార్చే ముందు డాక్టరు రాసిన నొప్పి మందు ఇవ్వవలసిందే. మందు పనిచేయడం మొదలయ్యే వరకు ఆగాలి. అంటుకున్న కట్టును సెలైన్‌తో తడిపి నెమ్మదిగా తీయాలి.

రోగి నవ్వుతూ మాట్లాడాడు గనుక నొప్పి లేదనుకోవడం పొరపాటు. సెలైన్ ఎక్కుతున్న చేయి మంటగా ఉందనో, కట్టు కింద నొప్పి పెరుగుతోందనో చెబితే అప్పుడు మనసు మళ్ళించకూడదు. ఆగి, చూసి, డాక్టరుకు తెలపాలి.

తల్లిదండ్రులకు ఒక మాట: సూదిని శిక్షగా చూపించి బెదిరించడం ఈ రోజు నుండే మానండి. ఆసుపత్రిలో మేము చేసే ప్రయత్నమంతా అప్పుడే ఫలిస్తుంది.

ఆలోచించండి

1. మీ వార్డులో మనసు మళ్ళించడానికి పనికివచ్చే వస్తువులు ఏమున్నాయి?
2. రోగి నొప్పి అన్నప్పుడు ఏ సందర్భాల్లో పని ఆపి పరీక్షించాలి?
3. సూదికి భయపడే ఐదేళ్ళ పాపతో మీరు చెప్పే మొదటి వాక్యం ఏమిటి?