నర్సింగ్ హోం వదిలినా గ్యారంటీ వదలదు

ఈమధ్య నా దగ్గరకొస్తున్న డాక్టర్ల కేసులన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటున్నాయి. ఇంటి అప్పు ఒక్క వాయిదా తప్పకుండా కట్టేశారు. అయినా దస్తావేజులు చేతికి రావు. కొందరికి ఇంటి గేటు మీదే స్వాధీన నోటీసు అంటించి పోయారు. గొడవ ఇంటి అప్పుతో కాదు. ఎప్పుడో మిత్రులతో కలిసి నర్సింగ్ హోం పెట్టినప్పుడో, స్కానింగ్ మిషన్ కొన్నప్పుడో అదే బ్యాంకులో పెట్టిన గ్యారంటీ సంతకంతో.

తాజా కేసు చూడండి. ఆమె పిల్లల డాక్టరు, భర్త ప్రభుత్వాసుపత్రిలో ఫార్మసిస్టు. ఇద్దరి పేరా ఇంటి అప్పు. నలుగురు డాక్టర్లు కలిసి పెట్టిన నర్సింగ్ హోంలో ఆమె కూడా భాగస్వామి. దాని అప్పుకు అదే బ్యాంకులో గ్యారంటీ సంతకమూ పెట్టారు. లెక్కల దగ్గర తేడాలొచ్చి బయటికొచ్చారు. విరమణ దస్తావేజు రాసుకున్నారు. ఇకపై నర్సింగ్ హోం అప్పులతో ఈమెకు సంబంధం లేదని, మిగిలినవాళ్లే కట్టుకుంటారని అందులో స్పష్టంగానే ఉంది. ఆ కాగితం చూసుకుని ఆమె నిశ్చింతగా ఉన్నారు. ‘ఇందులో బ్యాంకు సంతకం ఏదమ్మా?’ అని అడిగితే భార్యాభర్తలు మొహాలు చూసుకున్నారు.

భాగస్వాములు తమలో తాము రాసుకున్నది వాళ్లకే చెల్లుతుంది. అప్పిచ్చినవాడు ఒప్పుకోనిదే పాత బాకీల నుంచి విముక్తి లేదు. భాగస్వామ్య చట్టం 32వ సెక్షన్ సారం ఇదే. ఇక గ్యారంటీ సంగతి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, అసలు అప్పుదారుకు ఎంత బాధ్యతో హామీదారుకూ అంతే. ‘ముందు వాళ్లను అడగండి, రాకపోతే నా దగ్గరికి రండి’ అనే వీలు లేదు. నెలనెలా జీతమో ప్రాక్టీసు ఆదాయమో వచ్చే మనిషి, ఊళ్లో సొంతిల్లు ఉన్న మనిషి దొరికితే బ్యాంకు ముందు అక్కడికే వస్తుంది.

మళ్లీ చెబుతున్నాను: నర్సింగ్ హోం నుంచి మీరు బయటికి రావచ్చు, మీ గ్యారంటీ రాదు.

మరి ఇల్లు ఇందులో ఎలా చిక్కుకుంది? ఆమె ఇంటి అప్పు ఫైలు తెప్పించి చూశాను. సంతకం పెట్టాల్సిన ప్రతిచోటా బ్యాంకువాళ్లు పసుపు స్టిక్కర్లు అంటించారు. ఒక స్టిక్కరు కిందే ఉంది అసలు మాట: ఈ ఆస్తి ఈ అప్పుకే కాక, అప్పుదారు స్వయంగా గానీ హామీదారుగా గానీ ఇప్పుడూ ఇకముందూ బ్యాంకుకు పడే బాకీలన్నిటికీ తాకట్టు. చిన్న ఆపరేషనైనా అంగీకార పత్రం చదివి వినిపించనిదే రోగి చేత సంతకం పెట్టించని డాక్టరమ్మ, తన ఇంటి కాగితాల్లో స్టిక్కర్లు మాత్రమే చూశారు.

అప్పు తీరాక ఆమె 2023 సెప్టెంబరు 13 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ పట్టుకుని వెళ్లారు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగివ్వాలి, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు కట్టివ్వాలి అన్నదే అది. మంచి ఉత్తర్వే. మేనేజరుగారు మాత్రం ‘రీజినల్ ఆఫీసు నుంచి క్లియరెన్స్ రావాలి’ అంటూ నెలల తరబడి తిప్పారు. గ్యారంటీ బాకీ ఉందన్న ముక్క మొదటిరోజే రాసిచ్చి ఉంటే ఆమె అప్పుడే మేలుకునేవారు. ఆ ముక్క రాయడానికి ఏ ఆఫీసు అనుమతీ అక్కర్లేదు.

ఆ తర్వాత నర్సింగ్ హోం బాకీ కింద సర్ఫేసీ చట్టం (తాకట్టు ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకుకు ఇచ్చే చట్టం) 13(2) నోటీసు వచ్చింది. ‘నర్సింగ్ హోం పేరుతో ఉంది కదా, మనది కాదు’ అని దాన్ని బీరువాలో పడేశారు. ఆ చట్టం ప్రకారం అప్పుదారు అంటే హామీదారు కూడా. నోటీసులో ఉండే గడువు 60 రోజులు. ఆలోగా అభ్యంతరాలు రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఆ అవకాశం చేజేతులా పోయింది. గేటుకు కాగితం అంటించాక పరుగెత్తుకొచ్చారు. 13(4) చర్య, అంటే ఆ స్వాధీనం, జరిగిన 45 రోజుల్లోపే కాబట్టి రుణ వసూలు ట్రిబ్యునల్ (డీఆర్‌టీ)లో 17వ సెక్షన్ దరఖాస్తు వేయగలిగాం. ఇలాంటి వాటిలో సివిల్ కోర్టుకు వెళ్లి లాభం లేదు, అదే చట్టం 34వ సెక్షన్ అడ్డుపడుతుంది. వేలం ప్రకటన వెలువడ్డాక బాకీ కట్టి ఆస్తి విడిపించుకునే హక్కు కూడా ఉండదు.

కొత్తగా ఇంటి అప్పుకు వెళ్తున్న వైద్యరంగం వాళ్లకు నా మొదటి సలహా వడ్డీ గురించి కాదు. హాస్పిటల్ అప్పు ఉన్న బ్యాంకులో ఇంటి అప్పు తీసుకోకండి. ఇంటి అప్పు ఉన్న బ్యాంకులో ఎవరి హాస్పిటల్‌కూ గ్యారంటీ ఇవ్వకండి. గ్యారంటీ ఉంటే వేరే బ్యాంకైనా మీ ఆస్తి మీదికి రాగలదు. కానీ అది దావా వేసి గెలవాలి, దస్తావేజులు ముందే దాని బీరువాలో ఉండవు.

‘డాక్టర్లకు ప్రత్యేకం’ అనే పథకాల్లో ఇంకో మెలిక ఉంది. 75 లక్షలు దాటిన ఇంటి అప్పులో ఆస్తి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదు. మిగిలింది ప్రొఫెషనల్ లోన్‌గా సర్దుతామంటారు. ఆ రెండో అప్పుకూ అదే ఇల్లు తాకట్టేమో మంజూరు పత్రంలో చూసుకోండి. వడ్డీ, చార్జీలు అన్నీ కలిపి చూపే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అడిగి తీసుకోండి. 2024 అక్టోబరు 1 నుంచి అది ఇవ్వడం తప్పనిసరి. ‘బాకీలన్నిటికీ’ అన్న మాట కొట్టేసి, ‘ఈ అప్పు ఖాతాకు మాత్రమే’ అని రాయించుకోండి. కుదరదంటే ఇంకో బ్యాంకు చూసుకోండి. గల్ఫ్‌లో పనిచేస్తూ ఇక్కడ తమ్ముడికో బావకో జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇస్తున్న నర్సులు అందులో ‘తాకట్టు’, ‘గ్యారంటీ’ అధికారాలు లేకుండా చూసుకోవాలి.

ఇప్పటికే నర్సింగ్ హోం నుంచి తప్పుకున్నవాళ్లు విరమణ దస్తావేజు బయటికి తీయండి. దానికి జతగా, గ్యారంటీ నుంచి మిమ్మల్ని విడుదల చేస్తున్నట్టు బ్యాంకు ఇచ్చిన లేఖ ఉందా? లేకపోతే రేపే రాతపూర్వకంగా అడిగి, రసీదు మీద సీలు వేయించుకోండి. నెలరోజుల్లో జవాబు లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి. బ్యాంకు నుంచి నోటీసు వస్తే, అది ఎవరి పేరు మీదున్నా, ఆ వారంలోనే లాయరుకు చూపించండి.