సముద్రపు గాలిలో మూడు ఇటుకల పొయ్యి

కార్తీక వనభోజనాలకో, సెలవు రోజు స్నేహితులతో వండుకు తిందామనో కావలి వాళ్లు తుమ్మలపెంట సముద్రం ఒడ్డుకు వెళ్తుంటారు. బియ్యం, కూరగాయలు, గిన్నెలు అన్నీ సర్దుకుంటారు గానీ పొయ్యి సంగతి అక్కడికెళ్లాక చూసుకుందాంలే అనుకుంటారు. ఇంట్లో గ్యాస్ తప్ప ఎరగనివాళ్లు అగ్గిపెట్టె సగం ఖాళీ చేసి, చివరికి బండిలోంచి పెట్రోలు తీస్తారు. దాని జోలికి మాత్రం పోవద్దు. పెట్రోలు ఆవిరి కంటికి కనిపించదు, నేలవెంట పాకుతుంది, పుల్ల గీసిన చేతినే అంటుకుంటుంది.

వీలైతే పొద్దున్నే వంట మొదలుపెట్టండి. ఎండ ముదిరి నేల వేడెక్కాక సముద్రం మీది నుంచి గాలి జోరందుకుంటుంది, పొయ్యి నిలవనివ్వదు.

ముందు చోటు చూసుకోవాలి. నీడగా ఉంది కదా అని సర్వి తోటలో పొయ్యి పెట్టకండి. తుపాను గాలిని, ఎగిరే ఇసుకను ఆపడానికి పెంచిన తోటలవి. కింద రాలిన ఆకు పరుపులా పేరుకుని ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ పడితే చాలు, పైకి మంట కనిపించకుండానే లోలోపల రాజుకుంటూ పోతుంది. వలలకు, పడవలకు కూడా దూరంగా జరగండి. నైలాన్ వల కాలిందంటే ఒక ఇంటి జీవనాధారం పోయినట్టే. ఏమీ మొలవని వట్టి ఇసుకే మంచి చోటు.

ఒడ్డున రాళ్లు దొరకవు, ఇంటి నుంచే మూడు ఇటుకలు తీసుకెళ్లండి. బెత్తెడు లోతు గుంట తీసి, దాని చుట్టూ మూడు వైపులా ఇటుకలు అంచు మీద నిలబెట్టండి. ఇటుకకీ ఇటుకకీ మధ్య రెండు వేళ్లు దూరేంత సందు వదిలితే మంటకు ఊపిరి ఆడుతుంది. పొయ్యి నోరు గాలికి నేరుగా ఎదురు పెట్టకుండా కాస్త పక్కకు తిప్పండి. గాలి వచ్చే వైపు ఇసుక ఎగదోసి చిన్న కట్ట వేయండి.

అసలు పని ఇప్పుడే. అగ్గిపుల్ల గీయకముందే మూడు కుప్పలు సిద్ధం చేసుకోవాలి: పీచు, చితుకులు, కట్టెలు. ఎండిన కొబ్బరి పీచును చేత్తో విడదీసి గుప్పెడు ఉండ చేయండి. సర్వి ఆకు భగ్గున మండి ఆరిపోతుంది, దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. చితుకులు అగ్గిపుల్లంత సన్నవి మొదలు చిటికెన వేలంత లావువి వరకు ఉండాలి. విరిస్తే ఫట్‌మని విరగాలి, వంగితే పచ్చిదని లెక్క. వాన పడి కట్టె తడిసుంటే నిలువునా చీల్చండి, లోపల పొడిగా ఉంటుంది. సర్వి, సర్కారు తుమ్మ కట్టెలు మంచి నిప్పులిస్తాయి. గన్నేరు పుల్ల మాత్రం పొయ్యిలో పెట్టకండి, దాని పొగ కూడా విషమే.

గాలికి వీపు పెట్టి కూర్చుని, పీచు ఉండను కింది నుంచి అంటించండి. మంట లేవగానే సన్న చితుకులు నాలుగైదు, ఒకదానిమీద ఒకటి అడ్డదిడ్డంగా. చాలామంది ఇక్కడే తొందరపడి లావు కట్టె పడేస్తారు, మంట చచ్చిపోయి పొగే మిగులుతుంది. చితుకులు బాగా అందుకున్నాకే కట్టెల మొనలు లోపలికి పెట్టి, కాలేకొద్దీ ఎగదోస్తూ ఉండండి. గిన్నె అడుగు దాటి పైకి ఎగసే మంట వృథా. నాలుగు కట్టెలు చాలు, అన్నం ఉడుకుతుంది. గిన్నె అడుగున ముందే తడిమట్టి పూస్తే మసి ఇట్టే కడుక్కోవచ్చు.

చలికాలం చివర, ఎండలు ముదరకముందు నెల్లూరు తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒడ్డున వెలుగు కనిపిస్తే పిల్ల తాబేళ్లు సముద్రం వైపు కాక అటు వెళ్లిపోతాయి. ఆ రోజుల నుంచి గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చే దాకా చీకటి పడకముందే మంట ఆర్పేయండి.

ఆర్పడమంటే ఇసుక కప్పడం కాదు. ఇసుక కింద నిప్పులు గంటల తరబడి కణకణలాడుతూనే ఉంటాయి, పైకేమీ తెలియదు. బిందెడు సముద్రపు నీళ్లు పోసి, పుల్లతో కలిపి, మళ్లీ పోయండి. చెయ్యి దగ్గర పెడితే సెగ తగలకూడదు. ఆ ఇసుకలో చెప్పుల్లేకుండా పరుగెత్తే పిల్లలుంటారు, దయచేసి ఆ రెండో బిందె కూడా పోసే బయలుదేరండి.