నడిచి వ్రాసిన పుస్తకము
(పాఠము: యెహోషువ 18:1–10)

మిగిలిన ఏడు గోత్రములకు యెహోషువ వెంటనే చీట్లు వేయలేదు. గోత్రమునకు ముగ్గురు చొప్పున మనుష్యులను పంపి, దేశమంతట నడచి పుస్తకములో వ్రాసికొని రమ్మనెను. నడక ముందు, వ్రాత తరువాత. మేము దీనిని తలక్రిందులు చేసితిమి.

ఇంగ్లండు పల్లెలలో ప్రతి పారిషునకు ఒక గుడియు, స్థిరమైన ఎల్లలును ఉండును. బాప్తిస్మములు, వివాహములు, సమాధులు పుస్తకములో ఎక్కింపవలెనని 1538లో అచ్చట ఆజ్ఞ పుట్టెను. పిల్లలను వెంటబెట్టుకొని ఎల్లలు తిరుగు ఆచారమును ఉండెడిది. సెమినరీలో ఇది చదివిన మేము అరకులోయకు రాగానే పటము పరచి, రూళ్లకర్రతో పాస్టరేటును నాలుగు భాగములు చేసితిమి.

కొండలు రూళ్లకర్రకు లోబడునా? ఈ లోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని భీమునిపట్నమున సముద్రమును చేరును. ముంచింగిపుట్టు వైపు నీరు మాచ్‌ఖండ్‌లో పడి, సీలేరై, శబరితో గోదావరికి పోవును. పటములో వ్రేలెడు దూరముననున్న రెండు గూడెముల నడుమ ఒక కనుమ, ఒక గెడ్డ. వానలలో గెడ్డ పొంగినచో అటువారు ఇటు రాలేరు. 1960లలో బైలాడిలా ఇనుప ఖనిజము కొరకు వేసిన కొత్తవలస–కిరండోలు రైలుమార్గము కొన్ని ఊళ్లనే దగ్గర చేసెను. మాటయు అట్టిదే: మేము తెలుగున ప్రసంగింతుము, అనేకుల ఇండ్లలో ఆదివాసీ ఒడియా, కువి మాటలాడుదురు. 1882లో జయపురం సీమకు వచ్చిన బ్రెక్లుం మిషను వారు ఒడియా నేర్చిరి. మేమింకను నేర్చుచున్నాము.

ఒక గూడెమువారు మూడు నెలలు వరుసగా కూడికకు రాలేదు. "అలక్ష్యము" అని సంఘపు పుస్తకములో వ్రాసి, ఒక వృద్ధురాలి పేరు కొట్టివేసితిమి. తరువాత వారి యొద్దకు నడిచిపోతిమి. తెల్లవారుజామున బయలుదేరితే మధ్యాహ్నమాయెను. మేము పెట్టిన దినము వారి సంత దినము! పసుపు, పిప్పళ్లు అమ్మి ఉప్పు, ఎండుచేపలు తెచ్చుకొను దినము అదొక్కటే. ఆ తల్లి ఏమియు అనలేదు. మా కాళ్లకు నీళ్లిచ్చి, అంబలి పోసెను.

ఆమె పేరు తిరిగి ఎక్కించితిమి గాని, కొట్టివేత గీత ఆ పుటలో ఇప్పటికిని కనబడుచున్నది. ఇప్పుడు కూడిక సంత మరునాడు. క్రొత్త పుస్తకము తెరచినప్పుడు ఆ గూడెపు పెద్ద, "అయ్యగారూ, ఊరి పేరుకు ముందు గెడ్డ పేరు వ్రాయండి" అనెను. అట్లే వ్రాసితిమి.